పచ్చడి సీసాల్లో ఎసిటేట్ ఎందుకు రాలేదు? ముందు ఎలక్ట్రాన్ల పద్దు రాద్దాం

మీ ప్రశ్నను కుదించి చెప్తే ఇదీ సంగతి. నల్గొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు, సూక్ష్మజీవులకు కరెంటిచ్చి కార్బన్ డయాక్సైడ్‌ను ఎసిటేట్‌గా (వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లపు అయాను రూపం) మార్పించడం. రెండు పచ్చడి సీసాలు, వాటి మధ్య అగార్‌తో చేసిన ఉప్పు వంతెన, రెండింట్లోనూ స్టీలు రేకులు, 12 వోల్టుల అడాప్టర్. కాథోడ్ (రుణ ధ్రువం) సీసాలో గోబర్ గ్యాస్ స్లర్రీ, బోరు నీళ్లు. వంట సోడా మీద వెనిగర్ పోసి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను గొట్టంతో అందులోకి వదిలారు. పది రోజులకు ఆనోడ్ (ధన ధ్రువం) నీళ్లు పసుపు తిరిగాయి, బ్లీచింగ్ వాసన కొట్టింది. కాథోడ్ రేకు మీద తెల్లటి పొక్కు కట్టింది, పీహెచ్ 10కి ఎక్కింది, బుడగలు బాగా వచ్చాయి, వెనిగర్ వాసన మాత్రం రాలేదు. "ఎక్కడ తప్పు జరిగింది, మిర్యాలగూడ వైపు సిమెంటు ఫ్యాక్టరీ పొగతో ఇది నడుస్తుందా" అని అడిగారు.

ముందు వాసన సంగతి. వెనిగర్ వాసన రాలేదంటే ఎసిటేట్ లేదని కాదు. పీహెచ్ 4.76 దగ్గర ఎసిటిక్ ఆమ్లం సగం ఆమ్లంగా, సగం అయానుగా ఉంటుంది. పీహెచ్ 7 దాటాక దాదాపు అంతా అయానే, అది ఆవిరి కాదు, ముక్కుకు తెలీదు. అట్లాగే కొలిచినప్పుడు ఎసిటేట్ కనిపించినా అది మీ సూక్ష్మజీవులు చేసిందేనని చెప్పలేం. వెనిగర్‌తో పుట్టించిన గ్యాసులో సన్నటి తుంపర కలిసొస్తుంది, అందులో ఉండేది ఎసిటిక్ ఆమ్లమే. పెండ స్లర్రీలో ముందునుంచే ఉన్న ఎసిటేట్ వేరే. కాబట్టి ఇవాళ్టి నుంచి వెనిగర్ మానేసి నిమ్మ ఉప్పు వాడండి, గ్యాసును ఒక నీళ్ల సీసాలోంచి బుడగలుగా పోనిచ్చి తీసుకోండి. సోడా తయారుచేసే వాళ్ల దగ్గరో, అగ్నిమాపక సిలిండర్లు నింపే చోటో చిన్న సిలిండర్ దొరికితే ఇంకా మేలు.

ఈ పద్ధతికి మైక్రోబియల్ ఎలక్ట్రోసింథసిస్ అని పేరు. కాథోడ్ మీద కరెంటుతో మీథేన్ చేయించవచ్చని 2009లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. 2010లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు స్పోరోమ్యూసా ఒవాటా అనే బ్యాక్టీరియాను గ్రాఫైట్ మీద పెంచి ఎసిటేట్ తీశారు. రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు, ఎనిమిది ఎలక్ట్రాన్లు కలిస్తే ఒక ఎసిటేట్. మీథేన్‌కు ఒక కార్బన్ డయాక్సైడ్, ఎనిమిది ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు. ఈ మూడు అంకెలూ గుర్తుంటే ప్రాజెక్టు సగం అయినట్టే. మిగతాదంతా అడాప్టర్ ఇచ్చిన ఎలక్ట్రాన్లు ఏ ఖాతాలోకి పోయాయో పద్దు రాయడమే.

మీ సీసాల్లో అవి ఎటు పోయాయో చూద్దాం.

ఉప్పు వంతెన: ఒక మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో, 10 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు లోపలి వ్యాసంతో చేసిన వంతెన నిరోధం 115 ఓముల చుట్టూ ఉంటుంది. 25 మిల్లీ ఆంపియర్లు పోతే అక్కడే దాదాపు 3 వోల్టులు వేడిగా పోతాయి. అసలు రసాయనానికి పీహెచ్ 7 దగ్గర సిద్ధాంతపరంగా కావాల్సింది 1.1 వోల్టులే (నీటి నుంచి ఆక్సిజన్‌కు +0.82, ఎసిటేట్‌కు −0.28). అంటే పనికి కావాల్సినదానికి రెండింతలకు పైగా వంతెనకే కట్టారు. పైగా అందులోని క్లోరైడ్ ఆనోడ్ వైపు కారి క్లోరిన్ అవుతుంది. మీకొచ్చిన బ్లీచింగ్ వాసన అదే.

స్టీలు ఆనోడ్: ఇది తప్పులన్నిటిలో పెద్దది. ఆనోడ్‌గా పెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు క్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. ఇనుము, నికెల్, క్రోమియం నీళ్లలోకి వస్తాయి. పసుపు రంగులో ఇనుముతోపాటు ఆరు వేలెన్సీ క్రోమియం ఉండే అవకాశం ఉంది, అది విషం. చేతులతో ముట్టకండి, సింకులో పారబోయకండి. ఏం చేయాలో చివర్లో రాశాను.

పీహెచ్ 10: 25 మిల్లీ ఆంపియర్లు ఒక రోజు నడిస్తే 2160 కూలుంబులు, అంటే 22.4 మిల్లీమోళ్ల ఎలక్ట్రాన్లు. వాటితో హైడ్రోజనే పుట్టిందనుకుంటే కాథోడ్ వైపు అన్ని మిల్లీమోళ్ల క్షారమూ పుడుతుంది. దాన్ని సరిచేయడానికి అవతలి నుంచి ప్రోటాన్లు రావాలి. కానీ మధ్య దారిలో సోడియం, పొటాషియం అయాన్లే వేల రెట్లు ఎక్కువగా ఉంటే అవే దాటొస్తాయి, ప్రోటాన్లు అక్కడే ఉండిపోతాయి. ఒకవైపు పులుపు, ఇంకోవైపు క్షారం. లీటరుకు 2.5 గ్రాముల వంట సోడా వేసిన పావు లీటరు ద్రవంలో బఫర్ (పీహెచ్ మారకుండా ఆపేది) 7.5 మిల్లీమోళ్లే. ఆ లెక్కన ఎనిమిది గంటల్లో అది ఖతం. నిరంతరం కార్బన్ డయాక్సైడ్ అందుతుంటే తప్ప నిలబడదు.

తెల్ల పొక్కు: మన జిల్లా బోరు నీళ్ల కఠినత్వం మీకు చెప్పక్కర్లేదు. కాథోడ్ ఉపరితలం దగ్గర పీహెచ్ సీసాలో కొలిచినదానికన్నా ఎక్కువ ఉంటుంది, అక్కడికొచ్చిన కాల్షియం కార్బొనేటుగా, మెగ్నీషియం హైడ్రాక్సైడుగా అంటుకుంటాయి. రేపు రేకు బదులు కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పోగుల మెత్తటి గుడ్డ) పెడితే దాని రంధ్రాలు మూసుకుపోతాయి. ఆమ్లంతో కడిగితే పొక్కుతోపాటు దాని మీద పెరిగిన సూక్ష్మజీవుల పొర కూడా పోతుంది. బోరు నీళ్లలోని నైట్రేట్, సల్ఫేట్ కూడా దొంగలే. నైట్రేట్ ఒక్కొక్కటి నైట్రోజన్ కావడానికి ఐదు ఎలక్ట్రాన్లు, అమ్మోనియా కావడానికి ఎనిమిది లాక్కుంటుంది. సల్ఫేట్ ఎనిమిది లాక్కుని కుళ్లిన గుడ్ల వాసన ఇస్తుంది. ఇక ఫ్లోరైడ్. మనూళ్ల ఫ్లోరైడ్ జనం ఎముకలకు చేసిన చేటు అందరికీ తెలుసు, ఇక్కడ దాని గొడవ వేరు. ఆనోడ్ వైపు పులుపెక్కిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే టైటానియం మీది రక్షణ పొరను తింటుంది. రేపు మీరు మంచి టైటానియం ఆనోడ్ కొన్నా బోరు నీళ్లతో పాడుచేసుకుంటారు. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఆర్‌వో (నీళ్ల శుద్ధి) ప్లాంటు నీళ్లు మొదటి కడుగుడుకు చాలు, మాధ్యమానికి వద్దు.

ఇప్పుడు కొత్తగా కట్టే విధానం.

250 మిల్లీలీటర్ల రెండు గాజు సీసాలు, పక్కన ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) ఉన్నవి, మధ్యలో కేటయాన్ మార్పిడి పొర (ధన అయాన్లనే దాటనిచ్చేది). నాఫియాన్ 117 ఖరీదు. సీఎంఐ 7000 రకం చవక, మందం, విద్యార్థి చేతులకు తట్టుకుంటుంది. 15 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుని ఉంటే చాలు. పొరను బిగించే ముందు ఒక రాత్రి ఉప్పునీళ్లలో నానబెట్టి, డిస్టిల్డ్ నీళ్లతో కడగండి. ఎండిన పొరను బిగిస్తే నానాక ఉబ్బి ముడత పడి కారుతుంది.

కాథోడ్‌కు 5 సెంటీమీటర్లు చదరంగా కోసిన, 6 మిల్లీమీటర్ల మందం కార్బన్ ఫెల్ట్. కొత్త ఫెల్ట్ నీటిని తీసుకోదు, నీళ్ల మీద తేలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక పూట ఉంచి, కడిగిన నీళ్ల పీహెచ్ మామూలయ్యేదాకా కడగండి. కాలేజీలో మఫుల్ ఫర్నేసు ఉంటే 400 డిగ్రీల దగ్గర అరగంట కాల్చినా సరిపోతుంది. కరెంటు తీసుకోవడానికి టైటానియం తీగను ఫెల్ట్‌లో కుట్టు వేసినట్టు నాలుగైదు చోట్ల గుచ్చండి. రాగి తీగ ద్రవాన్ని తాకకూడదు, అది సూక్ష్మజీవులకు విషం. తీగ, ఫెల్ట్ కలిసే చోట మల్టీమీటరుతో చూస్తే రెండు మూడు ఓములు దాటకూడదు.

ఆనోడ్‌కు ఇరిడియం ఆక్సైడు పూత ఉన్న టైటానియం జాలీ. గ్రాఫైట్ కడ్డీ కూడా నడుస్తుంది కానీ అది మెల్లగా తనే కాలి నల్లటి పొడి రాలుస్తుంది. ఆనోడ్ ద్రవంగా లీటరుకు 14 గ్రాముల సోడియం సల్ఫేట్, పీహెచ్ 2కు వచ్చేదాకా సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఇంకా తెగించి సోడియం సల్ఫేట్ మానేసి 0.05 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కటే పోస్తే దాటేవి ప్రధానంగా ప్రోటాన్లే అవుతాయి, మీ పీహెచ్ బాధ చాలావరకు తీరుతుంది. క్లోరైడ్ ఒక్క చిటికెడు కూడా అటువైపు వద్దు. ఆనోడ్ సీసా మూత బిగించకండి, ఆక్సిజన్ బయటకు పోవాలి.

కాథోడ్ మాధ్యమం లీటరుకు: సోడియం బైకార్బొనేట్ 2.5 గ్రాములు, అమ్మోనియం క్లోరైడ్ 0.25, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.6, పొటాషియం క్లోరైడ్ 0.1, సూక్ష్మ ఖనిజాల ద్రావణం 10 మిల్లీలీటర్లు, విటమిన్ల ద్రావణం 10 మిల్లీలీటర్లు. ఖనిజాల్లో నికెల్, కోబాల్ట్, సెలీనియం, టంగ్‌స్టన్ తప్పనిసరి. కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్ స్థాయికి దించే ఎంజైములో నికెల్ ఉంటుంది, మిథైల్ గుంపును మోసే ప్రోటీనులో కోబాల్ట్ ఉంటుంది. ఇవి లేకపోతే ఎంత కరెంటిచ్చినా దండగ. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేయాలని బుద్ధి పుడుతుంది, వేయకండి. దాన్ని తినీ ఎసిటేట్ చేస్తాయి, పద్దు చెడిపోతుంది. మాధ్యమాన్ని మరిగించి, కార్బన్ డయాక్సైడ్ వదులుతూ చల్లార్చండి (బైకార్బొనేట్, విటమిన్లు చల్లారాకే వేయాలి). స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ కింద ఈ ద్రవం పీహెచ్ 6.3 దగ్గర నిలుస్తుంది. 20 శాతం గ్యాసయితే 7 దగ్గర. ఎసిటేట్ చేసేవాటికి మొదటిదే నయం, మీథేన్ చేసేవాటికి రెండోది ఇష్టం.

అసలు తగవు ఆ మీథేన్‌తోనే. గోబర్ గ్యాస్ స్లర్రీ అంటేనే మీథేన్ చేసే జీవుల ఇల్లు. దాన్ని నేరుగా పోస్తే మీ ఎలక్ట్రాన్లు గ్యాసై పోతాయి. రెండు దారులున్నాయి. ఒకటి, జల్లెడ పట్టిన స్లర్రీని 90 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచడం. మీథేన్ జీవులు గింజకట్టవు (వేడికి తట్టుకునే బీజరూపంలోకి మారవు) కాబట్టి చస్తాయి, క్లాస్ట్రీడియం లాంటివి బతుకుతాయి. కానీ ఈ పనిలో చాలా చురుకైన ఎసిటోబ్యాక్టీరియం కూడా గింజకట్టదు, అదీ పోతుంది. ఈ సంగతి తెలియక ఉడికించి, తర్వాత నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. రెండోది, 2-బ్రోమో ఈథేన్ సల్ఫొనేట్ సోడియం లవణం, 10 మిల్లీమోలార్, అంటే లీటరుకు 2.1 గ్రాములు. ఖరీదే, కానీ సూటిగా మీథేన్ ఎంజైమునే పట్టుకుంటుంది. ప్రాజెక్టుకు నా ఓటు రెండోదానికే. మేక పొట్టలోంచి తీసిన రూమెన్ ద్రవం స్లర్రీ కన్నా మంచి విత్తనం (సూక్ష్మజీవులను అందించే మూలం). మాంసం కొట్టు దగ్గర పొద్దున్నే అడిగితే ఇస్తారు, ఫ్లాస్కులో నింపుగా పోసి గాలి లేకుండా తేవాలి.

విత్తనాన్ని నేరుగా కరెంటులోకి దింపొద్దు. రబ్బరు మూత సీసాల్లో 80 పాళ్లు హైడ్రోజన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ నింపి, ఈ మాధ్యమంలోనే పదో వంతు విత్తనం వేసి, వారం పెంచి, మళ్లీ పదో వంతు కొత్త సీసాలోకి మార్చండి. మూడుసార్లు మార్చేసరికి స్లర్రీతో వచ్చిన పాత ఎసిటేట్ వెయ్యో వంతుకు పలచబడుతుంది, హైడ్రోజన్ తినేవే మిగులుతాయి. కాథోడ్ నుంచి నేరుగా ఎలక్ట్రాన్ అందుకుంటాయా, హైడ్రోజన్ ద్వారానా అన్న వాదన పేపర్లలో చాలా నడిచింది. మీరు నడిపే స్థాయిలో ఎక్కువ భాగం హైడ్రోజన్ దారినే. దాని మీద అధ్యాయం రాసి సమయం పాడుచేసుకోకండి.

పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ వోల్టేజీని స్థిరంగా పట్టి ఉంచే పరికరం) లేదని బాధపడొద్దు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఎల్ఎం 317 ఐసీ, 51 ఓముల రెసిస్టరు చాలు. 1.25 వోల్టులను 51తో భాగిస్తే 24.5 మిల్లీ ఆంపియర్లు, స్థిరంగా. మీ 12 వోల్టుల అడాప్టర్‌కే కట్టొచ్చు. వరుసలో ఒక 1ఎన్ 4007 డయోడు పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్ ఉన్న ఈ సీసాలు బ్యాటరీలా మారి వెనక్కి పారతాయి, డయోడు దాన్ని ఆపుతుంది. మొదటి వారం 120 ఓములతో 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉంచి, ఎసిటేట్ కనిపించాక 51కి మార్చండి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ రోజూ రాయండి. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. నెమ్మదిగా పెరిగితే పొరో ఫెల్టో మూసుకుంటోంది, ఒక్కసారిగా పెరిగితే తీగ ఊడింది.

గ్యాసు దగ్గర అందరూ చేసే పొరపాటు ఎక్కువ వదలడం. 25 మిల్లీ ఆంపియర్లకు రోజుకు కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ పావు గ్రాము, అంటే 140 మిల్లీలీటర్లే. అర గ్రాము వంట సోడాలోంచి వచ్చేంత. అక్వేరియం పంపులా గలగలా వదిలితే కాథోడ్ దగ్గర పుట్టిన హైడ్రోజన్‌ను ఊడ్చుకుని బయటకు తీసుకుపోతుంది. లీటరు నీటిలో హైడ్రోజన్ ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి కరగదు, నిలబడటానికి దానికి చోటే లేదు. రోజుకు రెండు పూటలా పది నిమిషాల చొప్పున సన్నగా వదిలి, మిగతా సమయం పైన ఉన్న గ్యాసును గ్యాస్ బ్యాగులో నిలపండి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం దాటితే మండుతుంది, గది కిటికీ తెరిచే ఉండాలి.

వేడి. ఇవి 30 నుంచి 35 డిగ్రీల జీవులు. మేలో మన గదుల్లో 40 దాటుతుంది. సీసాలను నీళ్ల టబ్బులో పెట్టి, టబ్బు చుట్టూ తడి గోనె సంచి కట్టి ఫ్యాను వేస్తే పొడిగాలికి ఐదారు డిగ్రీలు తేలిగ్గా దిగుతుంది. వానాకాలంలో ఈ ఉపాయం పనిచేయదు, అప్పుడు అవసరమూ ఉండదు.

ఇక పద్దు. ఎసిటేట్‌ను హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీదే కొలవండి. బైకార్బొనేట్, ఫాస్ఫేట్ ఉన్న ద్రవంలో టైట్రేషన్ అంకెలు ఈ స్థాయిలో నమ్మదగ్గవి కావు. ఉదాహరణకు 250 మిల్లీలీటర్లలో ఐదు రోజుల్లో ఎసిటిక్ ఆమ్లం లీటరుకు 0.3 గ్రాముల నుంచి 1.5కు పెరిగిందనుకుందాం. పెరుగుదల 0.3 గ్రాములు, అంటే 5 మిల్లీమోళ్లు, ఎనిమిదితో గుణిస్తే 40 మిల్లీమోళ్ల ఎలక్ట్రాన్లు, 3859 కూలుంబులు. మీరిచ్చింది 24.5 మిల్లీ ఆంపియర్లు ఐదు రోజులు, 10,584 కూలుంబులు. దక్కింది 36 శాతం. మిగతా 64 శాతాన్ని గ్యాస్ బ్యాగులో హైడ్రోజన్‌గా, మీథేన్‌గా కొలిచి చూపించాలి. అయినా తేలకపోతే రబ్బరు మూతలు కారుతున్నాయి, లేదా ఆనోడ్ ఆక్సిజన్ పొర దాటొచ్చి తింటోంది. ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లు మింగుతుంది. దక్కింది 100 శాతం దాటితే సంబరపడకండి, విత్తనంలోని చెత్త కుళ్లి ఎసిటేట్ ఇస్తోందని అర్థం.

అందుకే పక్కన మూడు సీసాల జతలు ఉండాల్సిందే: కరెంటు లేకుండా అన్నీ ఉన్నది, సూక్ష్మజీవులు లేకుండా కరెంటు ఉన్నది, అన్నీ ఉండి కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ బదులు నైట్రోజన్, ఫాస్ఫేట్ బఫర్ ఉన్నది. వైవాలో మొదట అడిగేది వీటి గురించే.

సిమెంటు ఫ్యాక్టరీ పొగ గురించి. అందులో కార్బన్ డయాక్సైడ్ ఇంచుమించు 20 శాతం ఉంటుంది, బొగ్గు కేంద్రాల పొగలో కన్నా ఎక్కువే. చిక్కు ఆక్సిజన్. 5 శాతం ఆక్సిజన్ ఉందనుకుంటే, పొగలోని కార్బన్ డయాక్సైడ్ మొత్తం వాడుకున్నా ప్రతి నాలుగు మంచి ఎలక్ట్రాన్లకు ఒకటి ఆక్సిజన్ పాలు. పదో వంతే వాడుకోగలిగితే మంచివాటికన్నా దొంగిలించేవే ఎక్కువ. పైగా ఈ జీవులకు ఆక్సిజన్ పడదు. పొగను నేరుగా కాకుండా సోడియం కార్బొనేట్ ద్రావణంలో పీల్చి, బైకార్బొనేట్ చేసి దాన్ని సీసాకు ఇవ్వడం కుదురుతుంది. ప్రాజెక్టులో ఆ ఒక్క మెట్టు చూపిస్తే చాలు.

డబ్బు లెక్క మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. కిలో ఎసిటిక్ ఆమ్లానికి 3570 ఆంపియర్ గంటలు. 3 వోల్టుల దగ్గర, 60 శాతం దక్కితే 18 యూనిట్లు. ఫ్యాక్టరీ కరెంటు యూనిట్ 7 రూపాయలనుకున్నా 126 రూపాయలు. టోకు మార్కెట్లో గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం అందులో సగానికే దొరుకుతుంది. ఇంకో లెక్క. కిలో ఆమ్లంలో ఇమిడే కార్బన్ డయాక్సైడ్ 1.47 కిలోలు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలో వదులుతుందనుకుంటే 18 యూనిట్లకు 12 కిలోలకు పైగా. ఏడాదికి పది లక్షల టన్నుల క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) చేసే ఫ్యాక్టరీ వదిలే 8 లక్షల టన్నులను ఇట్లా మార్చాలంటే రాత్రింబవళ్లు 1100 మెగావాట్లు కావాలి. దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కో ఉత్పత్తి యూనిట్ 800 మెగావాట్లు. బొగ్గు కరెంటుతో ఈ పని అర్థం లేనిది. సౌర విద్యుత్తుతో, అది కూడా ఎసిటేట్ కన్నా ఖరీదైన కాప్రోయిక్ ఆమ్లం లాంటివాటి దాకా తీసుకెళ్తేనే ఆలోచించొచ్చు. రిపోర్టు ముందుమాటలో "సిమెంటు కాలుష్యానికి పరిష్కారం" అని రాయకండి, పరీక్షకుడు ఈ భాగహారం బోర్డు మీద చేయిస్తే ఇబ్బంది పడతారు.

ఆ పసుపు నీళ్లు. చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని, ముందు ఆ సీసాను గాలి ఆడేచోట ఒక రోజు తెరిచి ఉంచి క్లోరిన్ పోనివ్వండి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2, 3 మధ్యకు తెచ్చి, ఫ్యూమ్ హుడ్‌లో సోడియం మెటాబైసల్ఫైట్‌ను చిటికెడు చిటికెడుగా కలపండి. పసుపు పోయి లేత ఆకుపచ్చకు తిరిగితే క్రోమియం మూడు వేలెన్సీకి దిగినట్టు. అరగంట ఆగి సున్నపు తేటతో పీహెచ్ 8.5కు తీసుకురండి, మురికి ఆకుపచ్చ మడ్డి అడుగున పేరుకుంటుంది. వడగట్టి, ఆ మడ్డిని, స్టీలు రేకులను మీ కెమిస్ట్రీ ల్యాబు ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేసి పైన పేరు రాయండి.